ఎంఫిసీమాకి తెలుగు మాట: గాలా, గ్యాసా?

ప్రశ్న

ఒక చిక్కు వచ్చిపడింది, కాస్త సాయం చేయండి. రోగులకు ఇచ్చే సమాచార పత్రాలు తెలుగులోకి మార్చే పని నాది. ఈ వారం రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి ఎక్కువగా పొగ తాగేవాళ్లకు వచ్చే ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు గురించి. రెండోది ఎంఫిసీమాటస్ పైలోనెఫ్రైటిస్ అనే కిడ్నీ ఇన్ఫెక్షన్ గురించి. మొదటిదానికి ‘వాయుస్ఫీతి’ అని నేనే ఒక మాట అల్లుకుని మురిసిపోయాను. రెండోదానికి కూడా అదే తగిలించి ‘వాయుస్ఫీత మూత్రపిండ శోథ’ అన్నాను. ఇంట్లో చదివి వినిపిస్తే, ‘అంటే పొగ తాగితే ఆ గాలి కిడ్నీలోకి కూడా పోతుందా?’ అని అడిగారు. అడిగినవాళ్ల తప్పేం లేదు, నా మాట అలాగే చెబుతోంది. రెండింటికీ ఒకే మాట ఉండాలా, విడదీయాలా?

జవాబు

విడదీయాలి. నేను స్కానింగులు చదివే డాక్టర్ని. ఈ మాటతో రోజూ పని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఎంఫిసీమా గ్రీకు మాట. ‘ఎన్’ అంటే లోపల. ‘ఫ్యూసా’ అంటే ఊదే గాలి, కొలిమితిత్తి కూడా. లోపలికి ఊదగా ఉబ్బినది ఎంఫిసీమా. ఇక్కడ నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. మన ‘ఊపిరితిత్తుల’లో ఉన్న తిత్తి కూడా ఆ కొలిమి దగ్గరి తోలుతిత్తే. గ్రీకులు జబ్బు పేరులో పెట్టుకున్న తిత్తిని మనం ఏకంగా అవయవం పేరులోనే పెట్టుకున్నాం.

చిక్కేమిటంటే, ఆ మాట ఉబ్బిందని మాత్రమే చెబుతుంది. గాలి ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పదు. అందుకే డాక్టర్లు దాన్ని ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడింటికి తగిలించారు.

మొదటిది చర్మం కింద చేరే గాలి. పక్కటెముక విరిగి ఊపిరితిత్తిలో గుచ్చుకుంటే గాలి బయటికి జారి ఛాతీ, మెడ, ఒక్కోసారి కనురెప్పల దాకా పాకుతుంది. మనిషి ఉబ్బిపోతాడు. ఉబ్బినచోట వేలితో నొక్కితే లోపల చిటచిటమని బుడగలు జరగడం వేలికే తెలుస్తుంది. వాపులో నీరు చేరితే వేలితో నొక్కినచోట గుంట పడుతుంది, ఇక్కడ చిటచిటలాడుతుంది. గ్రీకు మాటకు అచ్చంగా సరిపోయేది నిజానికి ఇదే.

రెండోది మీ మొదటి కాగితం. 1816లో స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్, 1819లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని వివరంగా రాశాడు. చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి గాలి ఊది, ఆరబెట్టి, కోసి చూసేవాడు. ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులను మన పాఠ్యపుస్తకాల్లో వాయుగోణులు అంటారే (ఆ గోణి మన గోనెసంచిలోదే), అవి మనిషిలో 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. ఈ జబ్బులో వాటి మధ్య గోడలు తెగిపోతాయి. వంద చిన్న గదుల గోడలు కూల్చి ఒక పెద్ద హాలు చేసినట్టు. చోటు పెరిగినట్టే కనిపిస్తుంది, ఆక్సిజన్ మార్పిడికి కావలసిన గోడే మిగలదు. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఆ గోడల్లోని సాగే గుణాన్ని కాపాడే ఒక ప్రొటీన్ కొందరి రక్తంలో పుట్టుకతోనే తక్కువని, వాళ్లకు ఈ జబ్బు వస్తుందని స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ 1963లో చూపించారు. వాళ్లలో పొగ తాగనివాళ్లకు కూడా రావచ్చు. కాబట్టి ‘పొగ తాగేవాళ్ల జబ్బు’ అని మాత్రం పేరు పెట్టకండి.

మీరు అల్లిన ‘స్ఫీతి’తో నా పేచీ ఇదే. స్ఫీతి అంటే ఉబ్బు, పెరుగుదల. పెరిగిందని వినిపిస్తుంది, పోయిందని వినిపించదు. ఇక్కడ అసలు నష్టం పోవడమే.

మూడోది మీ రెండో కాగితం. ఇందులో గాలి బయట నుంచి రాదు. సూక్ష్మజీవులు లోపలే తయారుచేస్తాయి. కిడ్నీలో ఇలా గ్యాస్ పుట్టిన కేసును కెల్లీ, మెకాలమ్ 1898లో రాశారు. దానికి ఇప్పటి పేరు 1962లో షుల్ట్జ్, క్లోర్‌ఫైన్ సూచించినది. ఈ జబ్బు వచ్చేవాళ్లలో అత్యధికులు షుగర్ ఉన్నవాళ్లే. కణజాలంలో చక్కెర ఎక్కువగా ఉంటుంది, రక్తప్రసారం అంతంతమాత్రం. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా ఆ చక్కెరను పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పిండి పులిస్తే బుడగలు వచ్చినట్టే, కాకపోతే ఇక్కడ పులుస్తున్నది మనిషి కిడ్నీ. పిత్తాశయంలో, మూత్రాశయంలో, జీర్ణాశయం గోడలో, అరుదుగా ఎముకలో కూడా ఇలా జరుగుతుంది. పిత్తాశయంలో అయితే క్లోస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా తరచు కనిపిస్తుంది. కండను కుళ్లబెట్టే గ్యాస్ గాంగ్రీన్ తెచ్చేదీ ఆ జాతే.

మరి డాక్టర్లకు ఒకే మాటతో ఎలా నడుస్తోందంటారా? సీటీ స్కాన్‌లో నీటికి సున్నా, గాలికి మైనస్ 1000 అని లెక్క, అంకె ఎంత తగ్గితే తెరమీద అంత నలుపు. కిడ్నీ కండ 30 దగ్గర బూడిదరంగులో కనిపిస్తుంది. దాని మధ్యలో ఉన్నట్టుండి కారునలుపు చారలు కనిపిస్తే నాకు గుండె దడ. ఊపిరితిత్తిలో మైనస్ 950 కన్నా కిందికి పోయిన చోట్లను ఎంఫిసీమాగా లెక్కిస్తాం. తెరమీద రెండూ ఒకే నలుపు. కానీ ఒకటి ఏళ్ల తరబడి సాగేది, రెండోది గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేది. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, గొట్టం వేసి చీము, గ్యాస్ బయటికి తీస్తారు. ఒక్కోసారి కిడ్నీనే తీసేయాల్సి వస్తుంది.

మరో జవాబు

డాక్టర్‌గారు గ్రీకు చెప్పారు కాబట్టి నేను సంస్కృతం చెబుతాను, లేకపోతే నిద్రపట్టదు. ‘ధ్మా’ ధాతువుకు ఊదడం అని అర్థం. శంఖం ఊదినా అదే, కొలిమి ఊదినా అదే. దాన్నుంచి వచ్చిన ‘ఆధ్మానం’ అంటే లోపల గాలి నిండి ఉబ్బడం. గ్రీకు మాటకు ఇంతకన్నా దగ్గరి బంధువు దొరకదు.

అయినా వాడమని చెప్పను. ఆయుర్వేదంలో ఆ మాట ఎప్పుడో కడుపుబ్బరానికి స్థిరపడిపోయింది. ‘మూత్రపిండ ఆధ్మానం’ అంటే తెలిసినవాళ్లు పొరబడతారు, తెలియనివాళ్లు దండం పెట్టి పక్కనపెడతారు.

ఇంకో జవాబు

నా గోల చిన్నది. ‘గాలి’ అనొద్దు. ‘కిడ్నీకి గాలి సోకింది’ అని ఎవరైనా అంటే సగంమంది డాక్టర్ని కాదు, తాయెత్తు కట్టేవాడిని వెతుక్కుంటారు. ‘వాయువు’ అన్నా వాతం అనుకుంటారు. ఒట్టి ‘గ్యాస్’ అన్నా ప్రమాదమే. మన వాడుకలో గ్యాస్ అంటే తేన్పు వస్తే పోయేది. ‘కిడ్నీలో గ్యాస్ ఉంది’ అని చదివినవాడు ఒక మాత్ర వేసుకుని పడుకుంటాడు. తెల్లారేసరికి ఏమవుతుందో పైన డాక్టర్‌గారు రాశారు.

ప్రశ్న అడిగిన నేనే

అందరికీ దండాలు. వాయుస్ఫీతిని చించేశాను, కొంచెం బాధగానే. రెండింటికీ డాక్టర్లు పలికే పేరే తెలుగు లిపిలో ఉంచి, పక్కన ఒక వాక్యం పెడుతున్నాను. రిపోర్టులో కనిపించేది ఆ పేరే కదా.

మొదటి కాగితానికి: ‘ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు తెగిపోయి, పీల్చిన గాలి లోపలే చిక్కుకుపోయే జబ్బు.’

రెండోదానికి: ‘సూక్ష్మజీవుల వల్ల కిడ్నీలో గ్యాస్ చేరే ఇన్ఫెక్షన్. ఇది కడుపులో గ్యాస్ లాంటిది కాదు, వెంటనే ఆసుపత్రిలో చేరాలి.’

జవాబు (మళ్లీ డాక్టర్‌నే)

ఒక్క మాట మార్చండి. ‘చేరే’ వద్దు, ‘పుట్టే’ అనండి. చేరడం అంటే ఎక్కడి నుంచో వచ్చి చేరినట్టుంటుంది. మూత్రనాళంలో గొట్టం వేసి పరీక్ష చేసినప్పుడు కిడ్నీలోకి కాస్త గాలి చేరవచ్చు, అది ఈ ఇన్ఫెక్షన్ కాదు. అది చేరిన గాలి, ఇది పుట్టిన గ్యాస్. స్కాన్ చూసేటప్పుడు మేం తేల్చుకోవాల్సింది కూడా ముందుగా అదే.

ప్రశ్న అడిగిన నేనే

మార్చేశాను. రేపు పిత్తాశయం కాగితం వస్తుందట, మళ్లీ వస్తాను.