కేసు కొట్టేశారు, మరి మా తమ్ముడి డీఎన్ఏ రికార్డు తీసేయించడం ఎలా?

అందరికీ నమస్కారం. రెండేళ్ల క్రితం ఒక కొట్లాట కేసులో మా తమ్ముణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారు. వేలిముద్రలు తీసుకున్నాక, డీఎన్ఏ నమూనా కోసం దూది పుల్లతో బుగ్గ లోపల రుద్ది, దాన్ని కవర్లో పెట్టి సీలు వేశారు. వాడు భయపడి ఏమీ అడగలేదు. మొన్న కోర్టు కేసు కొట్టేసింది. వాడి మీద ఇంకే కేసూ లేదు.

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం చదివాను. పోలీసులు ఇలా తీసుకున్న వేలిముద్రలు, నమూనాల రికార్డులు 75 ఏళ్లు ఉంచొచ్చట! పాత శిక్షలేవీ లేనివాళ్లు నిర్దోషిగా బయటపడితే, అప్పీళ్లన్నీ ముగిశాక, కోర్టు వద్దంటే తప్ప చెరిపేయాలని కూడా అందులోనే ఉంది. కానీ చెరిపేశారని మనకు కాగితం ఎవరిస్తారు? డీఎన్ఏ కోసం విడిగా తెచ్చిన బిల్లునేమో 2023లో వెనక్కి తీసుకున్నారు.

బ్రిటన్‌లో నిర్దోషుల డీఎన్ఏ దాచడం తప్పని 2008లో యూరప్ మానవ హక్కుల కోర్టు చెప్పాక, 2012లో చట్టమే మార్చారు. అక్కడ డీఎన్ఏ నమూనాను ఆరు నెలల్లోపు నాశనం చేయాలి.

మీలో ఎవరైనా ఇక్కడ ఇలా తీసేయించుకున్నారా? అర్జీ ఎస్పీ ఆఫీసులో ఇవ్వాలా, మేజిస్ట్రేటు దగ్గరా? తీర్పు కాపీతో పాటు ఇంకేం జతచేయాలి? వాడు ఉద్యోగాలకు అప్లై చేస్తున్నాడు, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.