ప్రోటాన్ స్పిన్ సెమినార్: 55 శాతం పోలరైజేషన్‌తో లెక్క ఎలా నమ్మాలి?

ఇజీనారం_బీఎస్సీ:
అందరికీ నమస్తే. విజయనగరంలో ఫైనలియర్ ఫిజిక్స్. సోమవారం సెమినార్, టాపిక్ నేనే ఎంచుకుని ఇప్పుడు టెన్షన్ పడుతున్నాను. ప్రోటాన్ లోపలి కణాలైన రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు కలిస్తే ప్రోటాన్ స్పిన్ (కణానికి సహజంగా ఉండే తిరుగుడు లాంటి గుణం) 1/2 మొత్తం వచ్చేస్తుందని అనుకున్నాను. 1987లో యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో ఈఎంసీ అనే బృందం చేసిన ప్రయోగం చూస్తే క్వార్కుల వాటా చాలా తక్కువని తేలిందట, ఇప్పటి లెక్కల్లోనూ 30 శాతం దగ్గరే. మిగతాది వెతకడానికి అమెరికాలో బ్రూక్‌హేవెన్ రిక్ యంత్రంలో పోలరైజ్డ్ ప్రోటాన్లనే, అంటే స్పిన్‌లు ఒకే వైపు ఉండేలా చేసినవాటినే, ఎందుకు గుద్దించారు? ఆ పోలరైజేషనేమో 55 శాతం, స్పిన్ దిశ మారితే ఢీల లెక్కలో కనబడే తేడా ఒక శాతం లోపు. అంత కచ్చితమైన డిటెక్టర్ ఉంటుందా అసలు?

చికాకోల్_మాస్టారు:
తమ్ముడూ, ఈఎంసీ వాళ్లు వాడింది మ్యువాన్లు, ఎలక్ట్రాన్ లాంటివే కానీ బరువైన కణాలు. మ్యువాన్‌కి కనబడేది విద్యుదావేశం, క్వార్కుల్ని కలిపి ఉంచే గ్లువాన్‌కి అదే లేదు. ప్రోటాన్‌ని ప్రోటాన్‌తోనే గుద్దిస్తే గ్లువాన్లు నేరుగా తగులుకుంటాయి, జెట్లు అనే కణాల ధారలు, పయాన్లు అనే కణాలు చిమ్ముతాయి. రెండు వైపులా హెలిసిటీ (స్పిన్ ప్రయాణం వైపుందా, ఎదురుందా అన్నది) ఒకటే అయినప్పుడు ఎన్ని వచ్చాయి, వేరైనప్పుడు ఎన్ని, ఆ తేడాలోనే గ్లువాన్ స్పిన్ సంగతి ఉంది.

డిటెక్టర్ కచ్చితంగా ఉండక్కర్లేదు. మా తాతకి శ్రీకాకుళంలో బెల్లం కొట్టుండేది. తక్కెడలో పాసంగం ఉందని అనుమానమొస్తే రాయినీ సరుకునీ పళ్లేలు మార్చి మళ్లీ తూచేవాడు. రిక్‌లోనూ అదే పని, కాకపోతే సుమారు 100 నానోసెకన్లకోసారి. ప్రోటాన్లు గుంపులు గుంపులుగా తిరుగుతాయి, ఒక గుంపు స్పిన్ ఇటు, ఇంకో గుంపుది అటు. డిటెక్టర్ వంకర ఏదున్నా రెండు లెక్కల్లోనూ ఒకేలా పడి, తీసివేతలో పోతుంది. నాకు మొత్తం ప్రయోగంలో బాగా నచ్చేది ఇదే.

రాజాం_పిల్ల:
పూర్తిగా పోదు మాస్టారూ. ఒక్కో గుంపులో ప్రోటాన్లు సమానంగా ఉండవు కదా, అందుకే ఏ జతలో ఎన్ని ఢీలు జరిగే వీలుందో విడిగా కొలవాలి. ఆ 55 శాతం దెబ్బ మాత్రం గట్టిదే. రెండు వైపులా 0.55 కాబట్టి అసలు తేడా 0.3 వంతుకి కుంచించుకుపోతుంది, పూర్తి పోలరైజేషన్‌తో వచ్చే కచ్చితత్వమే కావాలంటే సుమారు 11 రెట్లు ఎక్కువ ఢీలు పోగుచెయ్యాలి. ఆ 55 అయినా నిలిచిందంటే సైబీరియన్ స్నేక్ అనే అయస్కాంతాల పుణ్యమే. అవి స్పిన్‌ని దాటిన ప్రతిసారీ తిప్పేస్తాయి, ఒక చుట్టులో పడిన కుదుపు తర్వాతి చుట్టులో రద్దవుతుంది.

ఫలితం కూడా చెప్పు: 2009 డేటాతో 2014లో వచ్చిన విశ్లేషణ, కొలిచిన మేరకి గ్లువాన్ల వాటా సున్నా కాదు, ధనాత్మకం అని చూపించింది. బాగా తక్కువ మొమెంటం ఉన్న గ్లువాన్ల లెక్క ఇంకా తేలలేదు, దానికే ఎలక్ట్రాన్ అయాన్ కొలైడర్ అనే కొత్త యంత్రం వస్తోంది.

ఇజీనారం_బీఎస్సీ:
థాంక్సండీ ఇద్దరికీ. మా క్లాసులో సగం మందికి ఎలక్ట్రానిక్ కాటా తప్ప ఏటీ తెలీదు, పాసంగం అంటే తక్కెడ పళ్లేల మధ్య బరువు తేడా అని నేనే అమ్మని అడిగి తెలుసుకోవాల్సొచ్చింది. మా వీధి కూరలాయన దగ్గర పాత తక్కెడ ఒకటుంది, సోమవారం పొద్దున్న ఇస్తాడేమో అడుగుతాను.