అప్‌డేట్: మా పాప నవోదయ పరీక్ష రాసేసింది

రెండు నెలల కిందట అడిగాను, గుర్తుందా? ఐదో తరగతి చదివే మా పాపకు లెక్కలు బాగానే వచ్చు, నవోదయ ఎంట్రన్స్‌లో బొమ్మల ప్రశ్నలు చూస్తే మాత్రం ఏడుపే, కోచింగ్‌లో వేయాలా అని. మొత్తం 80 ప్రశ్నల్లో 40 ఈ బొమ్మలవే (మెంటల్ ఎబిలిటీ అంటారు), 100లో 50 మార్కులు. అందుకే అంత టెన్షన్ పడ్డాను.

కోచింగ్‌లో వేయలేదు. కాగితం మడిచి చూపించమని ఒక అక్క చెప్పారు కదా, అదే చేశాం. పాత క్యాలెండర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మూల దగ్గర చిల్లు పొడిచి, విప్పకముందే "ఎన్ని చిల్లులు? ఎక్కడెక్కడ?" అని అడిగేదాన్ని. మొదటి వారం అన్నీ తప్పులే. తర్వాత తనే మడిచి వాళ్ల తాతయ్యను అడగడం మొదలుపెట్టింది! అద్దంలో బొమ్మలకు మా బీరువా అద్దమే సరిపోయింది.

ఆదివారాలు అసలు పరీక్ష టైముకే, 11.30 నుంచి 1.30 దాకా కూర్చోబెట్టాం. ఓఎమ్ఆర్ షీట్, అంటే జవాబుల గుండ్రాలు నింపే కాగితం, పెన్నుతోనే దిద్దాలి, మార్చడానికి వీల్లేదు. ఒకసారి ఒక ప్రశ్న వదిలేసి, తర్వాతవన్నీ ఒక వరుస పైకి దిద్దేసింది. అది ఇంట్లోనే జరగడం ఎంత మేలైందో.

నిన్న బయటికి వస్తూనే, "ఆరు రాలేదమ్మా, కానీ ఏదీ ఖాళీగా వదల్లేదు" అంది. నెగెటివ్ మార్కులు లేవని నేర్పింది మీరే. సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి మురీ మిక్చర్ కొనిపెట్టాం. ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారని తనకి చెప్పలేదు. రిజల్ట్ రాగానే చెబుతాను. అందరికీ చాలా థ్యాంక్స్.