పెద్ద మేడలా, పెద్దలా?

పాతపుస్తకాలు: చైనాలో సింఘువా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయినప్పుడు, 1931లో, మెయ్ యీచీ అన్న మాటకి తెలుగు ఎక్కడో చదివాను. "మహావిద్యాలయమంటే మహాసౌధాలు కాదు, మహా..." తర్వాతది నోటి చివర ఆడుతోంది. మహామహులా, మహాచార్యులా?

గండపెండేరం: మహామహులు కుదరదండీ. మూలంలో 'దా' (పెద్ద) మూడుసార్లు మోగుతుంది, విశ్వవిద్యాలయానికోసారి, మేడలకోసారి, గురువులకోసారి. గురువు ఎగిరిపోతే ఇంకేం మిగిలింది?

కాకరపాదు: అచ్చతెలుగులో చెప్పెయ్యరాదూ, "పెద్ద చదువులబడి అంటే పెద్ద మేడలు కాదు, పెద్దలు".

గండపెండేరం: ఈ రోజుల్లో పెద్దలంటే ఢిల్లీ పెద్దలేనండీ.

నల్లసిరా: అసలు అచ్చు ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్‌ది. పాత రాజ్యమంటే ఎత్తైన చెట్లున్నది కాదు, తరతరాల మంత్రులున్నది అని 'ఛీ' అనే రాజ్యపు రాజుతో అంటాడు. మెయ్ చెట్లు పీకి మేడలు పెట్టాడంతే. కాబట్టి గ్రాంథికమే నప్పుతుంది: "మహాసౌధములు గలది గాదు, మహాచార్యులు గలది". ఆ 'గల' లేకపోతే వాక్యం చచ్చినట్టే.

కాకరపాదు: 'గల' గొడవ సరే, ఆయన మేడల మధ్యే నిలబడి అన్నాడు కదా! విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటు తర్వాత 1901లో చైనా నెత్తిన 45 కోట్ల టేళ్ళ (టేల్ అంటే చైనా పాత తూకం) వెండి జరిమానా పడింది, అందులో తన వాటాకి ఎక్కువొచ్చిన సొమ్ము అమెరికా వెనక్కిస్తే 1911లో పెట్టిన బడి సింఘువా, అమెరికా వెళ్ళే కుర్రాళ్ళని తయారుచెయ్యడానికి. జాతీయ విశ్వవిద్యాలయం అయింది 1928లో. జపాన్ సైన్యం వచ్చాక మేడలన్నీ వదిలేసి, పెకింగ్, నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాలతో కలిసి నైరుతి చైనాలోని కున్‌మింగ్‌లో మట్టిగోడల మధ్య, రేకుల కింద పాఠాలు. వాన పడితే మేష్టారి గొంతు వినపడేది కాదు. 1957లో ఫిజిక్స్ నోబెల్ తెచ్చిన యాంగ్, లీ అక్కడ చదివినవాళ్ళే.

నల్లసిరా: 1925లో సింఘువాలో దేశీయ విద్యలకి పెట్టిన సంస్థలో భాషావేత్త జావో యువాన్‌రెన్ ఉన్నాడు, అది చెప్పండి ముందు! సింహాలు తినే కవి కథంతా 'షి' అన్న ఒక్క ధ్వనితో రాశాడు. ఒకే హల్లుతో రాసే మన ఏకాక్షరి పద్యాలు దాని ముందు దిగదుడుపు.

గండపెండేరం: దిగదుడుపా? మనవాళ్ళు ఛందస్సు కూడా నిలబెట్టారు స్వామీ. ఆయనకి చైనా భాషలో స్వరాలు, అంటే గొంతు ఎత్తుపల్లాలు, మార్చుకునే వెసులుబాటుంది, పైగా అది వచనం.

నల్లసిరా: మనవాళ్ళు అచ్చులు మార్చుకోలేదా మరి?

పాతపుస్తకాలు: అయ్యా, మహా తర్వాత ఏంటి?

గండపెండేరం: ఏకాక్షరికి వేరే థ్రెడ్ తెరుస్తున్నా, అందరూ అక్కడికి రండి.