గడ్డి మందు తాగిన అబ్బాయితో "తగ్గిపోతుందిలే" అన్నాను. తప్పు చేశానా?

హౌస్ సర్జన్, ఏడో నెల:
మెడిసిన్ వార్డులో ఉన్నాను. పోయిన నెల ఒక అబ్బాయి వచ్చాడు, 22 ఏళ్లు. ఇంట్లో గొడవపడి గడ్డి మందు తాగాడు. పారాక్వాట్. దానికి విరుగుడు లేదని చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ మనిషి మంచం మీద లేచి కూర్చుని మాట్లాడుతుంటే చదివింది నమ్మబుద్ధి కాలేదు. నోట్లో పుండ్లు తప్ప చూడటానికి బాగానే ఉన్నాడు. పొద్దున్నే రక్తం తీయడానికి వెళ్తే తనే చొక్కా చెయ్యి మడిచి పెట్టేవాడు. "నిన్న ఈ చెయ్యి అక్కా, ఇవాళ ఇది" అనేవాడు.

మూడో రోజు క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఆ రోజే "తగ్గిపోతుంది కదక్కా?" అని అడిగాడు. "తగ్గిపోతుందిలే" అన్నాను. నా ముందే ఫోన్ తీసి దుబాయ్‌లో ఉన్న వాళ్ల నాన్నతో, "డాక్టరక్క తగ్గిపోతుందంది, నువ్వు రాకు, టికెట్ పైసలు దండగ" అన్నాడు.

తర్వాత ఆయాసం మొదలైంది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయాడు. వాళ్ల నాన్న ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా మార్చురీకి వచ్చాడు.

చెల్లి నిశ్చితార్థంలో ఫొటోకి నిలబడినా ఆ ఫోన్ మాటే చెవిలో ఉంది. అమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటోంది, ఏం చెప్పాలో తెలియట్లేదు. నిద్ర పట్టట్లేదు. నేనేం అనాల్సింది?

మెడిసిన్ పీజీ, ఫైనల్ ఇయర్:
చెల్లీ, నీ మాట వల్ల అతను పోలేదు. పురుగుల మందుల్లో కొన్ని రకాలకు అట్రోపిన్ అనే విరుగుడైనా ఉంది, దీనికి ఏమీ లేదు. ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపడేలా చేస్తుంది. ఆక్సిజన్ కూడా మరీ పడిపోతే తప్ప పెట్టం, పెడితే దెబ్బ ఇంకా పెరుగుతుంది.

ఇంకో సంగతి. బతకడం కష్టమన్న మాట చెప్పాల్సింది నువ్వు కాదు, మేము. అడ్మిషన్ రోజే ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. కానీ కేస్ షీట్‌లో రెండు ముక్కలు రాసి సంతకం తీసుకుంటాం, వాళ్లకు అర్థమైందో లేదో చూడం. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. ఇప్పుడు మొదటి రోజే అడుగుతున్నాను: "దూరంగా ఎవరైనా ఉన్నారా? ఇవాళే పిలిపించండి." పేషెంటే అడిగితే, "ఊపిరితిత్తులకు దెబ్బ తగిలింది, మాకూ భయంగానే ఉంది. ఎవరిని చూడాలని ఉంది?" అంటాను. అలా అనడానికి నాకు ఇప్పటికీ గొంతు రాదు.

నిద్ర సంగతి వదిలెయ్యకు. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, టెలీ మానస్. 14416కి కాల్ చెయ్. 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. నేను చేశాను.

ఒక అన్న:
నేను డాక్టర్‌ని కాదు. మా తమ్ముడు 2019లో ఇదే మందుతో పోయాడు. మాకు ఒక హౌస్ సర్జన్ అమ్మాయే మెట్ల దగ్గర నిలబడి, కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అప్పుడు ఆమె మీద విపరీతంగా కోపమొచ్చింది. కానీ ఆ సాయంత్రమే అక్కను అత్తగారింటి నుంచి పిలిపించాం. వాడి నోరంతా పుండు, ఏదీ మింగలేడు. అమ్మ చల్లటి మజ్జిగ చెంచాతో పెదవి పక్కనుంచి కొంచెం కొంచెంగా పోసేది. నాలుగు రోజులు అలా పోసింది.

అమ్మా, వీలైతే ఆ నాన్నగారితో ఒకసారి మాట్లాడండి. సంజాయిషీ కోసం కాదు. రోజూ చొక్కా చెయ్యి తనే మడిచేవాడని చెప్పండి. ఆ వారం కొడుకు ఎలా ఉన్నాడో ఆయన చూడలేదు, మీరు చూశారు.

హౌస్ సర్జన్, ఏడో నెల:
ఆయన ఇంకా ఊళ్లోనే ఉన్నారట. మా పీజీ అన్నను అడిగాను, మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుంటానన్నాడు. ఆదివారం డ్యూటీ దిగాక ఫోన్ చేస్తాం. నేను అన్న మాట కూడా ఆయనకు చెబుతాను.

రాత్రి అమ్మకు మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పిల్లాడి పేరేంటే?" అని అడిగింది.