ఎంటర్‌ప్రైజ్ సాసర్ మీద గీతలు ఉంచాలా, పూడ్చేయాలా? లైట్లు ఎంత వెలగాలి?

బీచ్‌రోడ్డు (విశాఖ):

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా అటక మీద దాచుకున్న 1/350 స్కేలు (అసలు ఓడలో 350వ వంతు) ఎంటర్‌ప్రైజ్ ప్లాస్టిక్ మోడల్ కిట్టు ఈ దసరా సెలవుల్లో తెరిచాను. స్టార్ ట్రెక్ మొదటి సీరియల్‌లో, అంటే 1966-69 మధ్య వచ్చినదాంట్లో కనిపించే ఓడ. సాసర్, అంటే ఓడ ముందుండే గుండ్రటి పళ్లెంలాంటి భాగం, దాని పైసగం చేతిలోకి తీసుకోగానే అనుమానం మొదలైంది. దాని మీద ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు, వాటిని కోస్తూ బండి చక్రం ఆకుల్లాగా గీతలు, అన్నీ సన్నటి గాడులుగా చెక్కి ఉన్నాయి. గోరు ఆనిస్తే తగులుతున్నాయి. సీరియల్‌లో చూస్తే మాత్రం ఓడ నున్నగా ఉంటుంది.

గాడుల్లో పుట్టీ నింపి, ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చేసేద్దామని నా ఆలోచన. మా తమ్ముడు వద్దంటున్నాడు. గీతలు పోతే అది ఓడలా కాదు, అన్నం పళ్లెంలా ఉంటుందని వాడి వాదన. ఇంకో సంగతి, కిటికీల వెనక ఎల్‌ఈడీలు పెడుతున్నాను. ఎంత వెలుగైతే బాగుంటుంది? ఒకసారి పుట్టీ పెట్టి అతికించాక వెనక్కి రాలేం కదా, అందుకే ముందుగా అడుగుతున్నాను.

నున్నగీత (హైదరాబాద్):

పూడ్చేయండి. రెండో ఆలోచన వద్దు.

లెక్క చూడండి. ఓడ పొడవు 947 అడుగులని చెబుతారు, అంటే సుమారు 289 మీటర్లు. దాన్ని 350తో భాగిస్తే మీ మోడల్ 82 సెంటీమీటర్ల చిల్లర. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే అసలు ఓడ మీద 35 సెంటీమీటర్లు. మీ గాడి 0.2 మిల్లీమీటర్లే ఉందనుకుందాం. అసలు ఓడ మీద అది ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న కాలువ. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ పైతొడుగులో, రేకుకీ రేకుకీ మధ్య అరచేయంత సందు వదిలేస్తారా? మన ఊళ్లో తలుపు చెక్కలే అంతకన్నా దగ్గరగా కూర్చుంటాయి.

గాడి ఉన్నది ఉన్నట్టు వదిలేసినా కొంత నయం. మనవాళ్లు దాంట్లో నల్లటి వాష్ (బాగా పలచన చేసిన రంగు) పోసి మరీ ఎత్తి చూపిస్తారు. అప్పుడు సాసర్ గచ్చు మీద పరిచిన టైల్స్‌లా తయారవుతుంది. ఇన్నేళ్లలో ఇలా పాడైన మంచి మోడల్స్ ఎన్ని చూశానో చెప్పలేను. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

డల్లాస్‌తెలుగు:

అన్నా, సీరియల్ షూటింగ్‌కి వాడిన అసలు మోడల్ నేను కళ్లారా చూశాను, అందుకని రాస్తున్నాను. 2018లో పిల్లల్ని తీసుకుని వాషింగ్టన్ వెళ్లినప్పుడు స్మిత్‌సోనియన్ వాళ్ల ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో దాని ముందు అరగంట నిలబడ్డాను. పదకొండు అడుగులకి పైగా పొడవు. కొయ్య, ప్లాస్టిక్, రేకు కలిపి చేసింది. ఓడకి రూపం ఇచ్చింది మాట్ జెఫ్రీస్, తయారీ పని 1964లో రిచర్డ్ డేటిన్ చేతుల మీదుగా జరిగింది. 1974లో పారమౌంట్ స్టూడియో వాళ్లు మ్యూజియంకి ఇచ్చేశారు.

దాని మీద గీతలు ఉన్నాయి. కానీ అవి పెన్సిల్ గీతలు. గాడులు కావు. గాజుకి ముఖం ఆనించి, తల కాస్త పక్కకి వంచి చూస్తేనే కనిపించాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే ఉన్నాయో లేవో తెలియదు. మా పాప అయితే నేను వేలు పెట్టి చూపించేదాకా నమ్మలేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. 1991లో ఆ మోడల్‌కి మరమ్మతు చేసినప్పుడు రేకుల హద్దుల వెంబడి ముదురు నీడలు వేశారు. అభిమానుల్లో చాలామందికి అది నచ్చలేదు, ఏళ్ల తరబడి గొడవ నడిచింది. 2016లో మళ్లీ బాగుచేసినప్పుడు ఆ నీడలన్నీ తీసేసి, షూటింగ్ నాటి రూపానికి తెచ్చారు. సాసర్ పైభాగం ఒక్కటే ఎవరి కుంచె పడకుండా పాత రంగుతోనే మిగిలింది. కాబట్టి గీతల సంగతి తేల్చుకోవడానికి మనకి మిగిలిన నమ్మకమైన సాక్ష్యం అదే. అది చెప్పేది ఒక్కటే: గీత ఉంది, కానీ పలచగా ఉంది.

పాతపెట్టె (రాజమండ్రి):

నున్నగీత గారూ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ మనం స్కేలుబద్ద పట్టుకుని మోడల్ చూడం, కళ్లతో చూస్తాం.

అసలు మోడల్ ముందు కెమెరా ఉండేది, స్టూడియో లైట్లు ఉండేవి, వెనక నక్షత్రాలు ఉండేవి. అది పెద్ద ఓడ అని అవన్నీ కలిసి నమ్మించేవి. మన మోడల్ వెనక ఏముంటుంది? గోడ, పక్కన టీవీ, పైన ఫ్యాను. ఆ అల్మారాలో బూడిద రంగు నున్నటి పళ్లెం ఒకటి పెడితే, చూసేవాడి కంటికి దాని పరిమాణం ఎలా అందుతుంది? కంటికి ఒక కొలమానం కావాలి. ఆ పని గీత చేస్తుంది. గోపురం మీద బొమ్మల వరుసలు తీసేసి సున్నం కొట్టినట్టు ఊహించుకోండి, ఎత్తు సగానికి పడిపోయినట్టు అనిపిస్తుంది.

ఇక అసలు మోడల్‌ని ఉన్నదున్నట్టు దింపాలనే వారికి నాదొక ప్రశ్న. దాని ఎడమ పక్క పూర్తి చేయలేదు. షూటింగ్ అంతా కుడి పక్క నుంచే. లైట్ల వైర్లు ఎడమ పక్క నుంచి బయటికి వచ్చేవి. ఎడమ వైపు చూపించాల్సి వస్తే అక్షరాలు తిరగేసి అతికించి, తీసిన ఫిల్మును తిప్పి వాడారు. మరి మీరు కూడా ఎడమ పక్కని కిటికీలు లేకుండా వదిలేస్తారా? వదలరు. అక్కడ అది 'నిజమైన ఓడ' అంటారు, గీతల దగ్గరికి వచ్చేసరికి 'స్టూడియో మోడల్' అంటారు. రెంటిలో ఒకటి ఎంచుకోండి, నేను ఒప్పుకుంటాను.

నున్నగీత:

ఎడమ పక్క మాట నిజమే, దానికి నా దగ్గర తిరుగు జవాబు లేదు. నేను చేసేది నిజమైన ఓడనే. కాబట్టే ఏడు సెంటీమీటర్ల కాలువ వద్దంటున్నాను.

పెన్సిల్ గీత కూడా ఆలోచించి గీయాలి. మ్యూజియం మోడల్ మూడు మీటర్ల నలభై సెంటీమీటర్లు దాటుతుంది, మనది 82. నాలుగు రెట్లకి పైగా తేడా. వాళ్లు గీసిన గీతని మన సాసర్ మీదికి తెస్తే నాలుగో వంతుకి సన్నబడాలి. ఏ పెన్సిలూ అంత సన్నగా గీయదు. సన్నగా గీయలేం కాబట్టి పలచగా గీయాలి. గట్టి ములుకు, 2హెచ్ లేదా 4హెచ్, చెయ్యి ఆనీ ఆనకుండా. తర్వాత దాని మీద మ్యాట్ కోటు (మెరవని పైపూత).

కోఠిసర్క్యూట్ (హైదరాబాద్):

గీతల గొడవ మీరు తేల్చుకోండి. లైట్ల గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మోడల్స్ పాడయ్యేది అక్కడే.

కొత్తగా చేసేవాళ్లు తెల్ల ఎల్‌ఈడీకి 20 మిల్లీయాంపులు ఇచ్చేస్తారు. దుకాణంలో అదే చెబుతారు కాబట్టి. చీకటి గదిలో ఆ కిటికీలు కిటికీల్లా ఉండవు, పెళ్లి పందిరి సీరియల్ లైట్ల సెట్‌లా ఉంటాయి. 12 వోల్టుల అడాప్టర్ వాడుతున్నారనుకోండి. తెల్ల ఎల్‌ఈడీ 3.2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలింది 8.8. ఇరవై మిల్లీయాంపులకి 470 ఓమ్‌ల రెసిస్టర్ వస్తుంది. దాని బదులు 4.7కె (4700 ఓమ్‌లు) పెట్టండి. కరెంటు రెండు మిల్లీయాంపుల దగ్గరికి దిగుతుంది, వెలుగు కూడా దాదాపు అదే దామాషాలో తగ్గుతుంది. ముందు మీకే తక్కువనిపిస్తుంది. గదిలో లైటు ఆర్పి ఐదు నిమిషాలు కూర్చుని చూడండి, అప్పుడు తెలుస్తుంది.

వెలుగు ఎక్కువవడం కన్నా పెద్ద సమస్య, అది గోడల్లోంచి బయటికి కారడం. కిట్టు ప్లాస్టిక్ మందంగానే కనిపిస్తుంది కానీ వెనక లైటు పెడితే మైనంలా వెలుగుతుంది. లోపలంతా ముందు నలుపు, దాని మీద తెలుపు. నలుపు వెలుగుని ఆపుతుంది, తెలుపు దాన్ని లోపలే తిప్పి అన్ని కిటికీలకీ పంచుతుంది. ఈ రెండు కోట్ల తర్వాత కూడా అతుకుల దగ్గర వెలుగు గీతలా బయటికొస్తుంది. అతికించాక లోపలికి కుంచె పోదు, కాబట్టి అంచులకి ముందే నలుపు పూసుకోండి.

నా మొదటి మోడల్ సంగతి చెబుతాను. నాసెల్‌ని (ఓడ వెనక రెండు పక్కలా ఉండే పొడుగాటి ఇంజిన్ గొట్టాల్లో ఒకదాన్ని) మోసే కమ్మీలోంచి వైరు లాగి, టంకం వేసి, అతికించి, రంగు కూడా వేసేశాను. మూడో రోజు కుడి నాసెల్ ఆరిపోయింది. టంకం ఊడింది ఆ కమ్మీ లోపల. రంపంతో కోయాల్సి వచ్చింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి అతికించే ముందు కనీసం ఒక రాత్రంతా వెలిగించి ఉంచుతాను. టంకాలు కూడా కమ్మీ లోపల వేయను, చెయ్యి పట్టే చోటే వేస్తాను.

డల్లాస్‌తెలుగు:

నాసెల్ ముందు గుండ్ల గురించి కూడా రాయండి అన్నా. మొదటి పైలట్ ఎపిసోడ్ (సీరియల్‌కి ముందు నమూనాగా తీసినది) తీసినప్పుడు మోడల్‌లో లైట్లే లేవు, ఆ గుండ్లు రంగు వేసిన కొయ్య. తర్వాత సీరియల్ కోసం లోపల మోటారు, తిరిగే రెక్కలు, వెనక రంగురంగుల బల్బులు పెట్టారు. 2016 మరమ్మతులో అదే ప్రభావాన్ని ఎల్‌ఈడీలతో తెచ్చారు. బీచ్‌రోడ్డు గారు ఆ మొదటి పైలట్ ఓడ చేస్తే లైట్ల బెడదే ఉండదు.

బీచ్‌రోడ్డు:

లేదండీ, లైట్లు ఉండాల్సిందే. చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆ గుండ్లు తిరగడం చూసే ఈ పిచ్చి పట్టింది.

పాతపెట్టె:

కోఠిసర్క్యూట్ గారితో రెండు మిల్లీయాంపుల దగ్గర ఏకీభవించలేకపోతున్నాను. 1979లో వచ్చిన మొదటి సినిమాకి కొత్త ఎంటర్‌ప్రైజ్ మోడల్ చేశారు, ఎనిమిది అడుగులది. అంతరిక్షంలో దూరంగా ఉన్న ఓడ మీద వేరే వెలుగు ఎక్కడి నుంచి పడుతుందని ఆలోచించి, ఓడ తన ఒంటిని తనే వెలిగించుకునేలా లైటింగ్ చేయించింది డగ్లస్ ట్రంబుల్. రాత్రిపూట రేవులో నిలబడ్డ ప్రయాణికుల ఓడలాగా. ఆ దృశ్యం చూసినవారెవరూ వెలుగు ఎక్కువైందనరు.

ఫినిషింగ్ సంగతి కూడా అదే మోడల్ దగ్గర తేలుతుంది. దానికి ముత్యంలా మెరిసే రంగు వేశారు, కోణం మారితే రేకులు వేరువేరుగా కనిపించేలా. అక్కడ మెరుపులో తేడాయే గీత పని చేసింది. తర్వాతి సినిమాకి వేరే స్టూడియో వాళ్లు తీసుకున్నప్పుడు షూటింగ్‌లో వెనక పెట్టే నీలం తెర (బ్లూస్క్రీన్) ఆ మెరుపులో ప్రతిఫలిస్తోందని దాన్ని మందగింపజేశారు. అంటే ఒకే ఓడ, ఒకే మోడల్, ఫినిషింగ్ మాత్రం కెమెరా అవసరాన్ని బట్టి మారింది. మన కెమెరా మన అల్మారా. దానికి ఏది అవసరమో అది చేసుకోవాలి.

కోఠిసర్క్యూట్:

ట్రంబుల్ వెలిగించింది ఓడ ఒంటిని, దాని మీద చిన్న చిన్న దీపాలు వేసి. కిటికీల్ని కాదు. మీరు చెప్పేది స్పాట్ లైట్ల పని, నేను చెప్పేది కిటికీల పని. ఈ ఓడకి 1966లో ఎదురుగా పెద్ద స్టూడియో లైటు ఉండేది, ఎండలాగా. అలాంటి ఎండలో మన ఇంటి కిటికీలో లైటు వెలుగుతోందో లేదో బయటివాడికి ఎంత కనిపిస్తుంది?

రాజీ ఒకటి ఉంది. అడాప్టర్‌కీ రెసిస్టర్లకీ మధ్య చిన్న డిమ్మర్ పెట్టి, దాని మీట స్టాండులో అమర్చండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, ఖరీదు కూడా తక్కువే. పగలు పెంచుకోండి, రాత్రి తగ్గించుకోండి.

బీచ్‌రోడ్డు:

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు ప్రయోగాలు చేశాను, ఫలితాలు రాస్తున్నాను.

కిట్టు స్ప్రూలతో (భాగాల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాలు) పాటు వచ్చిన పెద్ద ట్యాగు ముక్క తీసుకుని, దాని మీద కంపాస్ ముల్లుతో నాలుగు గాడులు చెక్కాను. ఒకటి పుట్టీతో పూడ్చాను. రెండోది అలాగే వదిలాను. మూడో దాంట్లో వాష్ పోశాను. నాలుగోది పూడ్చి, ప్రైమర్, బూడిద రంగు వేశాక 4హెచ్ పెన్సిల్‌తో గీశాను. అల్మారాలో పెట్టి గుమ్మం దగ్గర నుంచి చూశాను. వాష్ పోసినది గుమ్మం దాటి వసారాలోంచి కూడా కనిపించింది, అది వద్దనే నిర్ణయానికి వచ్చాను. వట్టి గాడి కూడా పక్క నుంచి వెలుగు పడితే నీడ పట్టింది. పెన్సిల్ గీత గుమ్మం దగ్గర కనిపించలేదు, మూడడుగుల దగ్గరికి వచ్చాక కనిపించింది. తమ్ముడు అప్పుడు ఒప్పుకున్నాడు, కానీ సాసర్ కింది వైపు గాడులు వదిలేయమని పట్టుబట్టాడు. ఆలోచిస్తున్నాను.

ఒక చెడు వార్త. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఆ రోజు వాన పడుతోంది. ట్యాగు ముక్క మీద మ్యాట్ లాకర్ (స్ప్రే పైపూత) కొట్టగానే పెన్సిల్ గీత మీద తెల్లటి పొగమంచులాంటిది పట్టేసింది. ఆరాక కూడా పోలేదు. ఇదే సాసర్ మీద జరిగి ఉంటే ఏడ్చేవాణ్ని.

నున్నగీత:

గాలిలో తేమ వల్ల అది. లాకర్‌లో ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, అక్కడ తేమ పట్టి కోటులో చిక్కుకుంటుంది. కంగారు పడకండి. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపిన థిన్నర్‌ని పలచగా ఒక పొర స్ప్రే చేస్తే కోటు మళ్లీ కరిగి, తేమ బయటికి పోయే సమయం దొరుకుతుంది. ముందు ఆ ముక్క మీదే చూడండి. సాసర్‌కి మాత్రం వాన లేని రోజు కోసం ఆగండి, ఎన్ని రోజులైనా.

కింది వైపు గాడుల గురించి మీ తమ్ముడి మాట వినకండి.

పాతపెట్టె:

వినండి. పై భాగానికి గదిలో లైటు పడుతుంది కాబట్టి పెన్సిల్ సరిపోతుంది. కింది భాగం ఎప్పుడూ నీడలోనే ఉంటుంది, అక్కడ పెన్సిల్ గీత అసలు కనిపించదు. స్టాండు మీద ఓడ కంటి ఎత్తుకి పైన ఉంటే జనం ముందు చూసేది ఆ భాగాన్నే. వాష్ పోయకుండా వట్టి గాడి వదిలేస్తే, ఆ నీడలో అదీ పెన్సిల్ గీతంత మెత్తగానే కనిపిస్తుంది.

బీచ్‌రోడ్డు:

అది నాకు తట్టలేదు. స్టాండు ఎత్తు ఇంకా అనుకోలేదు. ఈ ఆదివారం ఖాళీ సాసర్‌ని టేప్‌తో అతికించి, కంటి ఎత్తులో ఒకసారి, పైన ఒకసారి పెట్టి చూస్తాను. పైభాగం మాత్రం ఇవాళే పుట్టీ మొదలుపెట్టాను, మధ్యలోంచి రెండు వలయాలు పూడ్చేశాను. వాన ఇంకా పడుతోంది.