వచ్చేది వస్తూ, పోయేది పోతూ ఉంటే ఈస్ట్‌లో సీడీసీ42 ప్రోటీన్ మచ్చ ఎలా నిలుస్తోంది?

ఎమ్మెస్సీ_మైక్రో:
ఈస్ట్‌లో మొగ్గ (కొత్త కణం) పుట్టే చోట సీడీసీ42 ప్రోటీన్ కణం పొర మీద మచ్చలా గుమిగూడుతుంది కదా. క్లాసులో చూపించిన వీడియోలో ఆ మెరిసే మచ్చను లేజర్‌తో ఆర్పేస్తే కొన్ని సెకన్లకే మళ్లీ వెలిగింది! అంటే ఆరిన ప్రోటీన్ పోయి కొత్తది వస్తోంది, అక్కడే కూర్చోవడం లేదు. మరి మచ్చ చెదిరిపోదేం? ఎల్లుండే సెమినార్, టెన్షన్‌గా ఉంది.

సురేశ్_బయో:
కణంలోని యాక్టిన్ అనే ప్రోటీన్ తీగల మీద వెసికిల్స్ (చిన్న పొర సంచులు) దాన్ని మోసుకొస్తాయి, ఎండోసైటోసిస్ (పొరను లోపలికి లాక్కోవడం) వెనక్కి లాగుతుంది. అదే రాసెయ్యండి.

ఈస్ట్_లత:
సురేశ్ గారూ, అది సగమే. లాట్రన్‌క్యులిన్ అనే మందు వేసి యాక్టిన్‌ను విప్పేసినా సీడీసీ42 ఒకచోట చేరుతుంది, ఎందుకంటే దానికి ఇంకో దారి ఉంది. ఆర్‌డీఐ1 అనే ప్రోటీన్ దాన్ని పొర నుంచి ఊడదీసి సైటోప్లాజంలోకి (కణం లోపలి ద్రవంలోకి) తెస్తుంది. పొర మీద పాకడం చాలా నెమ్మది, సైటోప్లాజంలో తిరగడం ఎంతో వేగం. కణం అంతా కలిపి 5 మైక్రాన్లేగా! ఆర్‌డీఐ1ను కూడా తీసేసి లాట్రన్‌క్యులిన్ వేస్తే, అప్పుడు మచ్చ నిలవదు.

తిరిగి అక్కడికే ఎందుకు చేరుతుందంటే, జీటీపీ అనే చిన్న అణువు ఎక్కి చురుకైన సీడీసీ42, బెమ్1 అనే ప్రోటీన్ ఉన్న గుంపును తన దగ్గరికి లాగుతుంది. ఆ గుంపులోనే సీడీసీ24 అనే ప్రోటీన్ ఉంటుంది. పక్కనున్న సీడీసీ42కి జీటీపీ ఎక్కించేది అదే. నాకు బాగా ఇష్టమైనది దీని తర్వాతి సంగతి. మొగ్గ చోటును గుర్తుపెట్టే ఆర్‌ఎస్‌ఆర్1 ప్రోటీన్ లేని కణాల్లో ఒక్కోసారి రెండు మచ్చలు మొదలవుతాయి. సైటోప్లాజంలో ఉన్న సరుకు కోసం రెండూ పోటీపడి, ఒకటి రెండు నిమిషాల్లో ఒకటి కరిగిపోతుంది. మొగ్గ ఒక్కటే వస్తుంది.

సురేశ్_బయో:
అయితే ఎండోసైటోసిస్‌కు పనే లేదంటారా?

ఈస్ట్_లత:
ఎందుకు లేదండీ, ఎస్‌ఎన్‌సీ1 అనే ఇంకో ప్రోటీన్‌ను చూడండి. మొగ్గ దగ్గర పొరలో కలిశాక అది పక్కలకు పాకిపోయేలోపే కణం లోపలికి లాక్కుని మళ్లీ మొగ్గకే పంపుతుంది. లోపలికి లాగే సంకేతాన్ని చెడగొడితే పొరంతా పరుచుకుంటుంది. ఎస్‌ఎన్‌సీ1 పొరలో గుచ్చుకుని ఉంటుంది, వెసికిల్ లేకుండా వెనక్కి రాలేదు. సీడీసీ42 కొవ్వు తోకతో అతుక్కుని ఉంటుంది కాబట్టే ఆర్‌డీఐ1 ఊడదీయగలుగుతుంది. సెమినార్‌లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టమ్మా.

ఎమ్మెస్సీ_మైక్రో:
చాలా థాంక్స్ అక్కా! మ్యుటెంట్ (జన్యువు మారిన కణం) ఫొటో ఏదైనా పెట్టనా?

ఈస్ట్_లత:
వేడికి చెడే సీడీసీ42 మ్యుటెంట్లది పెట్టు. 37 డిగ్రీల దగ్గర అవి మొగ్గ వేయలేక గుండ్రంగా ఉబ్బుతాయి, లోపల కేంద్రకాలు మాత్రం విడిపోతూనే ఉంటాయి. కేంద్రకాలకు రంగు వేసిన ఫొటో దొరికితే ఇంకా మంచిది.